బావా, పట్టుపురుగుకి టీకా ఎందుకు లేదంటే

అనంతపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న నీ ఫోన్ వచ్చినప్పుడు ఊర్లో మా షెడ్డులో ఉన్నాను. చేతుల నిండా సున్నం, మూతికి గుడ్డ. అందుకే రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను, ఏమనుకోవద్దు. నువ్వడిగింది మాత్రం మనసులో అట్లాగే ఉండిపోయింది. "కోళ్లకి టీకాలున్నాయి, గొర్రెలకున్నాయి, ఆవులకున్నాయి. లక్షలు పోసి షెడ్డు కట్టుకుని మేపే పట్టుపురుగుకి ఒక్క టీకా కూడా లేదా?" అన్నావు. బెంగళూరు ఉద్యోగం వదిలేసి మల్బరీ పెట్టాలనుకునేవాడు అడగాల్సిన ప్రశ్నే అది. ఫోన్‌లో తెమిలే జవాబు కాదని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తీరిక చేసుకుని చదువు.

ముందు మా పంట సంగతి. మడకశిర వైపు చలి నీకు తెలుసు కదా. ఈసారి తెల్లారి తొమ్మిదింటికి కూడా మంచు విడవలేదు. నాయన పురుగులకి చలి తగులుతుందని రాత్రిళ్లు కిటికీలన్నీ మూసి, కుంపటి పెట్టారు. పొద్దున కోసిన ఆకు తడి ఆరకుండానే వేశారు. నాలుగో జ్వరం (పురుగు పొర విడిచే దశని మేము జ్వరమంటాం) లేచిన మూడో రోజు పొద్దున నన్ను పిలిచి బెడ్డులో ఒక మూల చూపించారు. ఆరేడు పురుగులు కదలకుండా పడున్నాయి. ఒకదాన్ని పట్టుకున్నాను. మెత్తగా ఉండాల్సిన ఒళ్లు కర్రముక్కలా బిగుసుకుపోయింది. మర్నాటికి దాని మీద తెల్లటి పిండి పూసినట్టు వచ్చింది, గోడకి కొట్టిన సున్నం లాగా. సున్నపుకట్టు. ఆ పేరు పెట్టినవాళ్లు కళ్లారా చూసే పెట్టారు.

వందల్లో పోయినాయి. మిగతావి నిలబడ్డాయి. నన్ను ఆలోచనలో పడేసింది పోయినవి కాదు, నిలబడినవే. అదే బెడ్డు, అదే ఆకు, అదే గాలి. చచ్చిన పురుగు పక్కనే పడుకుని ఆకు తిన్న పురుగు ఎట్లా బతికింది? నాయన కూడా అదే అడిగారు, ఇంకో మాటలో. "ఒంట్లోకి పాడుది దూరిందని దానికి ఎట్లా తెలుస్తాదిరా? దానికి కండ్లే సరిగా కనపడవు." ఇరవై ఏళ్లుగా జువాలజీ పాఠం చెప్తున్నాను బావా, ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ పిల్లవాడూ అడగలేదు.

పది పురుగుల్ని అట్టపెట్టెలో ఆకుతో సహా పెట్టుకుని, పెనుకొండ మీదుగా బస్సులో అనంతపురం తెచ్చాను. మర్నాడు కాలేజీ ల్యాబ్‌లో ఒకదాని పొట్టకాలు సూదితో తాకి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసుకున్నాను. ఎర్రగా ఉండదు. లేత పసుపు, గంజి మీది తేటలా ఉంటుంది. పురుగు ఒంట్లో గాలిని మోసుకెళ్లే పని రక్తానిది కాదు, ఒంటి పక్కనున్న చుక్కల్లాంటి రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలే ప్రతి మూలకీ గాలిని తీసుకెళతాయి. కాబట్టి ఎర్రకణాల అవసరం లేదు. మనకున్నట్టు రక్తనాళాల వల కూడా లేదు. వీపు పొడవునా ఒకే ఒక్క గొట్టం కొట్టుకుంటూ ఉంటుంది, మిగతా రక్తమంతా చెరువులో నీళ్లలా అవయవాల చుట్టూ నిండి ఉంటుంది. ఆ చెరువులో ఈదేవే కాపలా కణాలు.

పలక మీది చుక్కని అట్లాగే వదిలేస్తే ఏమవుతుందో చూశాను. ముందు అంచు గోధుమరంగుకి తిరిగింది. తర్వాత లోపలికి పాకుతూ పాకుతూ మొత్తం సిరాలా నల్లబడింది. నేనేమీ కలపలేదు బావా. గాలి తగిలి, గాయమైందన్న సంగతి అందిందంతే. ఈ నలుపు గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండో చుక్కలో ఫినైల్ థయోయూరియా రవ్వంత వేశాను, అది వేస్తే నల్లబడదు. బేకరీలో వాడే ఈస్ట్‌ని ఉడికించి, కాంగో రెడ్ రంగు పట్టించి అందులో కలిపాను. మైక్రోస్కోప్ కింద ఎర్రటి చిన్న గుండ్లు, వాటి మధ్య పారదర్శకంగా రక్తకణాలు. పట్టుపురుగు రక్తంలో ఐదు రకాల కణాలుంటాయి. నా కళ్లు వెతికింది గ్రాన్యులోసైట్ల కోసం, లోపల రవ్వ చల్లినట్టు గింజలుండే కణాల కోసం. గాజుకి అంటుకుని, అంచుల నుంచి సన్నని కాళ్లలాంటివి చాపింది ఒకటి. ఒక కాలికి ఎర్రగుండు తగిలింది. ఆ చోట కణం ఒళ్లు గుండు చుట్టూ పైకి లేచింది, ముద్దని అరచేయి మూసుకున్నట్టు. ఓ అరగంట తర్వాత చూస్తే ఒకే కణం కడుపులో మూడు ఎర్రగుండ్లు. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి లేవబుద్ధి కాలేదు.

ఇట్లా మింగే కణాన్ని మొదట అర్థం చేసుకున్నది మెచ్నికోఫ్ అనే రష్యా శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెసీనాలో సముద్రపు నక్షత్రం పిల్లలకి గులాబీ ముల్లు గుచ్చి, ముల్లు చుట్టూ కణాలు మూగడం చూశాడు. తర్వాత నీటిఈగ ఒంట్లో బూజు గింజల్ని కణాలు మింగడం చూశాడు. 1908లో నోబెల్ ఇచ్చారు. మన ఒంటి తెల్లకణాల కథ మొదలైంది కూడా ఆ వెన్నెముక లేని జీవుల దగ్గరే.

ఇప్పుడు నాయన ప్రశ్న. ఎట్లా తెలుస్తుంది?

మన వైపు ఊళ్లో గోడ చూసి ఇల్లు ఎవరిదో చెప్పేస్తాం కదా. రాతి గోడైతే ఒకరిది, మట్టి మిద్దె అయితే ఒకరిది, తాడిపత్రి బండలు పరిచుంటే ఇంకొకరిది. లోపలివాళ్లని చూడనక్కర్లేదు. పురుగు కణాలు కూడా అంతే. ఏ సూక్ష్మజీవి వచ్చిందో పేరు తెలియదు, ఇదివరకు వచ్చిందా లేదా అన్న లెక్క కూడా పెద్దగా ఉండదు. గోడని తడిమి చూస్తాయి. బాక్టీరియా గోడ పెప్టిడోగ్లైకాన్ అనే ఇటుకతో కట్టి ఉంటుంది. బూజు గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. ఆ సరుకు పురుగు ఒంట్లో ఎక్కడా తయారు కాదు, మన ఒంట్లో కూడా తయారు కాదు. కాబట్టి అది చేతికి తగిలిందంటే బయటివాడు దూరాడనే అర్థం. ఇంకో తెలివి చూడు. బాక్టీరియా ఇటుకలో కూడా రెండు రకాలున్నాయి, చిన్న తేడా. ఆ తేడాని బట్టి రెండు వేరువేరు గంటలు మోగుతాయి.

ఇటుకని తడిమే చెయ్యి దొరికింది ఏ పురుగులోనో తెలుసా? మన పట్టుపురుగులోనే. జపాన్‌లో అషీదా అనే ఆయన బృందం 1996లో పట్టుపురుగు రక్తం నుంచి ఆ ప్రోటీన్‌ని వేరుచేసింది. పెప్టిడోగ్లైకాన్‌ని పట్టుకునే ప్రోటీన్ అనే అర్థంలో పీజీఆర్‌పీ అని పిలుస్తారు. తర్వాత వెతికితే అదే కుటుంబం ఈగల్లో ఉంది, ఎలుకల్లో ఉంది, మనలో కూడా ఉంది. బూజు చక్కెరని పట్టే ప్రోటీన్‌ని కూడా వాళ్లు అంతకుముందే ఈ పురుగు నుంచే తీశారు. ఆ నల్లబడే గుణాన్ని వాడుకుని జపాన్‌లో ఒక పరీక్ష కూడా తయారుచేశారు. పట్టుపురుగు రక్తరసంలో అనుమానం ఉన్న ద్రవం కలిపితే, బాక్టీరియా గోడముక్కో బూజు గోడముక్కో ఉంటే నల్లబడుతుంది. హిందూపురం మార్కెట్‌లో కిలో లెక్కన అమ్ముకునే గూడు కట్టే ప్రాణి బావా ఇది. దాని రక్తాన్ని అంత నమ్ముతున్నారు.

అదే 1996లో ఫ్రాన్స్‌లో హాఫ్‌మన్ బృందం, మామిడిపళ్ల మీద ముసిరే సన్న ఈగలో ఇంకో సంగతి కనిపెట్టింది. టోల్ అనే జన్యువు చెడిపోయిన ఈగకి బూజు సోకితే తట్టుకోలేక, ఒళ్లంతా బూజు మొలిచి చచ్చిపోయింది. టోల్ అంటే జర్మన్ భాషలో అద్భుతం అని. అంతకుముందు ఆ జన్యువు పిండంలో వీపు పొట్ట తేడాని తేల్చేదనే తెలుసు. ఈ పని కూడా చేస్తుందని తేలాక మన ఒంట్లో దాని చుట్టాలు వరసగా బయటపడ్డాయి. 2011లో హాఫ్‌మన్‌కి నోబెల్ వచ్చింది.

ముందు చెప్పిన గంటల్లో ఈ టోల్ ఒకటి. అది మోగితే ఏమవుతుందంటే, పురుగు కొవ్వు కణజాలం పనిలోకి దిగుతుంది. పురుగుని కోస్తే తెల్లటి రేకుల్లా కనిపించేది అదే. కొన్ని గంటల్లోనే అది సూక్ష్మజీవుల పొరకి చిల్లులు పొడిచే చిన్నచిన్న ప్రోటీన్లని రక్తంలోకి వదులుతుంది. వాటిలో మొదటిదాన్ని స్వీడన్‌లో బొమన్ అనే ఆయన, అమెరికా అడవిపట్టు జాతి చిమ్మట ప్యూపాల్లో కనిపెట్టి 1981లో ప్రకటించాడు. సిక్రోపిన్ అన్నారు. మన పట్టుపురుగులో కూడా ఆ కుటుంబం ఉంది.

కొవ్వు తయారుచేసేలోపు మొదటి దెబ్బ కాచుకోవాల్సింది మాత్రం కణాలే. ఒకటి రెండు బాక్టీరియాలైతే మింగేస్తాయి. ఎక్కువైతే ఒంటరిగా మింగలేవు. అప్పుడు గ్రాన్యులోసైట్లు గుంపుగా చేరి బాక్టీరియాని మధ్యలో ఇరికించి ముద్ద కడతాయి, ప్లాస్మాటోసైట్లు అనే ఇంకో రకం వచ్చి ఆ ముద్దని పొరలు పొరలుగా చుట్టేస్తాయి. తర్వాత ముద్ద నల్లబడుతుంది. మింగడానికి వీల్లేనంత పెద్దది, ఉదాహరణకి ఇంకో కీటకం గుడ్డు, దూరినా చుట్టూ గోడ కట్టి ఊపిరాడకుండా చేస్తాయి.

ఇక ఆ నలుపు. దానికి కావలసిన మందుగుండు ఈనోసైటాయిడ్లు అనే కణాల్లో నిద్రపోతున్న స్థితిలో ఉంటుంది. ఆ కణాలు పగిలి దాన్ని బయటికి వదులుతాయి. అయినా అది దానంతట అది పేలదు. గోడని తడిమిన ప్రోటీన్ ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, అది ఇంకోదాన్ని, అది మరోదాన్ని, దీపావళి సరం టపాకాయకి నిప్పంటించినట్టు. చివర్లో మెలనిన్ పడుతుంది. ఆ దారిలో పుట్టే పదార్థాలు సూక్ష్మజీవికే కాదు, పురుగు సొంత ఒంటికి కూడా విషమే. అందుకే ఇన్ని మెట్లు పెట్టుకుంది, మధ్యలో ఆర్పడానికి సెర్పిన్లు అనే ప్రోటీన్లు కూడా పెట్టుకుంది. కావలసిన చోట మాత్రమే మండాలి.

ఊజీ ఈగ పట్టిన పురుగు మీద నల్లమచ్చ చూశావు కదా చిన్నప్పుడు? మీ అవ్వ వాళ్ల ఇంట్లో ఏరి పక్కన పడేయించేది. ఆ ఈగ 1980లో కర్ణాటకలో అడుగుపెట్టింది, తర్వాత మన వైపుకి వచ్చింది. పురుగు చర్మం మీద గుడ్డు పెడుతుంది, పిల్ల పొదిగి చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. ఆ నల్లమచ్చ ఈగ పెట్టింది కాదు బావా. పురుగు తన కణాలతో కట్టిన గోడ అది. కానీ ఆ ఈగపిల్ల ఎంత గడుసుదంటే, తన చుట్టూ కడుతున్న ఆ గోడనే గరాటులా మలుచుకుని, దాని చివర బయటి గాలికి మూతి పెట్టుకుని ఊపిరి పీలుస్తుంది. పురుగు పోరాటమే దానికి కిటికీ అయింది. నాకు ఇది చెప్తున్నప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఓడిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. పాలరోగం తీసుకో. కాలు తెగితే పాలలా కారుతుంది కదా, ఆ తెలుపు వైరస్ గింజలది. వైరస్‌కి బాక్టీరియాలాగా గోడ లేదు. తడమడానికి ఇటుక లేదు. పైగా అది పురుగు సొంత కణంలో దూరి, ఆ కణం చేతే తనని తయారు చేయించుకుంటుంది, కాపలా కణాలని కూడా వదలదు. సోకిన కణం ఊరుకోదు, తనని తాను చంపుకుని వైరస్‌ని ఆపాలని చూస్తుంది. ఆ చావుని అడ్డుకునే పి35 అనే జన్యువుని ఈ జాతి వైరస్‌లు వెంట తెచ్చుకుంటాయి. పాలు కారే దశ వచ్చాక ఏమి చేసినా ఆ పురుగు బతకదు.

మా పంటని పట్టిన సున్నపుకట్టు ఇంకో రకం దొంగ, అది ఒక బూజు. దాని గింజ చర్మం మీద అంటుకుంటుంది. తేమ దొరికితేనే మొలుస్తుంది. మొలిచి, చర్మాన్ని కరిగించే ఎంజైములు వదిలి, సన్న వేరు లోపలికి దించుతుంది. రక్తంలోకి దిగాక వేషం మారుస్తుంది, గోడ పలచన చేసుకుని చిన్న ముక్కలుగా తేలుతుంది, కణాల చేతికి తగిలే చక్కెర కనపడకుండా. ఈ రోగం మీద ఇటలీలో బస్సీ అనే మనిషి 1807లో పని మొదలుపెట్టి 1835లో అచ్చువేశాడు. సూక్ష్మజీవి వల్ల ఒక జంతువుకి రోగం వస్తుందని మొదట నిరూపించింది అదే, పాశ్చర్ కంటే ముందు. ఆయన పేరే ఆ బూజుకి పెట్టారు, బ్యువేరియా బాసియానా అని. పాశ్చర్ కూడా 1865 నుంచి ఐదేళ్లు ఫ్రాన్స్‌లో పట్టుపురుగుల పెబ్రిన్ రోగం మీదే కూర్చున్నాడు. తల్లి చిమ్మటని నూరి మైక్రోస్కోప్ కింద చూసి, రోగం లేనిదాని గుడ్లే వాడమన్నాడు. నువ్వు రేపు గ్రైనేజ్ (పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రం) నుంచి తెచ్చుకునే గుడ్లకి ఇప్పటికీ అదే పరీక్ష.

ఇప్పుడు నీ టీకా. మన ఒంట్లో టీకా పనిచేసేది లింఫోసైట్లు అనే కణాలు ఆ శత్రువు ముఖాన్ని గుర్తుపెట్టుకుని, దానికి సరిగ్గా అతికే యాంటీబాడీలు చేస్తాయి కాబట్టి. కోడికున్నాయి, ఆవుకున్నాయి. పురుగుకి లింఫోసైట్లు లేవు, యాంటీబాడీలు లేవు. ముఖం గుర్తుపెట్టుకునే పని దానికి పుట్టుకతో లేదు, గోడ తడిమే పనే ఉంది. ఆ పని అది చక్కగా చేస్తుంది. ఒకటే షరతు, వచ్చేవాళ్లు కాస్త కాస్తగా రావాలి. కణాలు మింగగలిగినంత, ముద్ద కట్టగలిగినంత. అందుకే బెడ్డు మీద సున్నం చల్లేది, షెడ్డు కడిగేది, బ్లీచింగ్ కొట్టేది, చచ్చిన పురుగు తెల్లబడకముందే ఏరి కాల్చేది. తెల్లబడిందంటే ఒక్కోదాని మీద లెక్కలేనన్ని గింజలు లేచి పక్కవాటి మీద పడతాయి. నిలబడిన పురుగుల మీద గింజ పడలేదని కాదు నేననుకునేది, కొద్దిగానే పడి ఉంటుంది. మూల నుంచి దూరం పోయేకొద్దీ చావులు తగ్గడం నేను లెక్కపెట్టుకుని చూశాను.

ఎండాకాలం నీ భయం ఇంకోటి ఉంటుంది. మన దగ్గర నలభై దాటితే, వాడిన ఆకు తిన్న పురుగు పేగులో బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు, మెత్తబడి కుళ్లిపోవడం. ఫ్లాచరీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పురుగు పేగు రసం బాగా క్షారంగా ఉంటుంది, చాలా బాక్టీరియాలకి అందులో పెరగడం కష్టం. ఆ కాపలాని వేడి, పాడు ఆకు కలిసి దించేస్తాయి. కాబట్టి షెడ్డుకి ముందు నువ్వు డబ్బు పెట్టాల్సింది పైకప్పు మీద, గాలి మీద. చాకీ పురుగులు, అంటే గుడ్డు నుంచి వచ్చిన లేత పిల్లలు, నువ్వే పెంచాలని పట్టుపట్టకు, మొదటి నాలుగైదు పంటలు చాకీ సెంటర్ నుంచే తెచ్చుకో.

నాయనకి ఇదంతా చెప్పాను, గోడ తడమడం దాకా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి షెడ్డులోకి వెళ్లి రెండు కిటికీలు తీసి వచ్చారు. "మనమే దాని చేతులు కట్టేసినాం కదరా ఈసారి" అన్నారు. ఆయన మీద నాకేమీ కోపం లేదు. చలికి పురుగు వణుకుతుందని కిటికీ మూసిన మనిషి ఆయన. తేమ ఎంతుందో కంటికి కనపడదు, మా ఇంట్లో కొలిచే మీటరు లేదు.

మిగిలినవి పండాయి, అంటే గూడు కట్టడానికి సిద్ధమయ్యాయి. మొన్న చంద్రికల మీదికి, అంటే గూళ్లు కట్టే తట్టల మీదికి, ఎక్కించాం. గూళ్లు గట్టిగానే కడుతున్నాయి. గురువారం విడదీసి, శుక్రవారం హిందూపురం తీసుకెళ్లాలి. నువ్వు ఆ రోజుకి రాగలిగితే రా, వేలం ఎట్లా జరుగుతుందో కూడా చూస్తావు. ఓ రెండు తేమ మీటర్లు బెంగళూరులో కొనుక్కురా, ఒకటి మాకు, ఒకటి నీకు. అమ్మ నీకోసం ఓళిగలు చేస్తానంటోంది. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావ